రెండుసార్లు వండే అరిసెలు

పొద్దుటి నుంచీ ఇద్దరూ నా ప్రాణం తీస్తున్నారు. "మామ్మా, ఇంట్లో పసిపిల్లలెవరూ లేరు కదా, అరిసెలకి బియ్యం ఎందుకు నానబోశారు?" అని. మీ అమ్మని అడిగితే మాట దాటేసింది. మీ అత్తని అడిగితే కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఇక నేనే చెప్పాలి. కూర్చోండి. రోకలి చప్పుడు ఆగేలోపు అయిపోతుంది.

కానీ ఒక మాట. కథకి కాళ్ళుండవు. మీరు ఊ కొడితేనే అది నడుస్తుంది. ఊ కొట్టడం మానేశారో, ఎక్కడిదక్కడే చతికిలబడుతుంది. దాన్ని మళ్ళీ లేపే ఓపిక నాకు లేదు. ఏదీ, ఊ అనండి. ఇంకాస్త గట్టిగా. ఆ, అలాగ.

మీ తాతకి తాత ఇంకా పుట్టని రోజుల్లో, ఏటికి గట్టు లేని రోజుల్లో, తాళ్ళదిబ్బ అని ఒక ఊరుండేది. ఊరి చుట్టూ తాడిచెట్లు. ఊళ్ళో మగవాళ్ళంతా తాడి గీసేవాళ్ళు. తెల్లారితే నడుముకి మోకు కట్టుకుని చెట్టెక్కేవాళ్ళు. మోకు అంటే తెలుసుగా, చెట్టునీ నడుమునీ కలిపి చుట్టే పెద్ద తాడు. ఆడవాళ్ళు తాటినీరు కాచి బెల్లం వండేవాళ్ళు.

ఆ ఊళ్ళో దాలమ్మ అని ఒకావిడ ఉండేది. ఇల్లు లేదు, పాక ఉంది. మొగుడు లేడు, ఎప్పుడో పోయాడు. బిడ్డలు లేరు, పుట్టలేదు. ఆవిడకున్నవల్లా రెండు కాళ్ళు. ఆ కాళ్ళతో ఏం చేసేదనుకున్నారు? చాపుకుని కూర్చునేది. అదే ఆవిడ పని.

నవ్వకండి. ఊళ్ళో ఎవరికి బిడ్డ పుట్టినా నీళ్ళు పొయ్యడానికి దాలమ్మే వెళ్ళాలి. పీట వేసుకుని కాళ్ళు చాపి, బిడ్డని ఆ కాళ్ళమీద పడుకోబెట్టుకుని, ముందు నూనె రాసేది. తర్వాత కుడిచెయ్యి తీసుకెళ్ళి ఎడమకాలికి తాకించేది. ఎడమచెయ్యి తీసుకెళ్ళి కుడికాలికి తాకించేది. మూడుసార్లు ఇటు, మూడుసార్లు అటు. ఎవరో ఒక బాలింతరాలు అడిగిందట, ఎందుకు మామ్మా అలా వంకరగా అని.

"నువ్వు నడిచేటప్పుడు చూసుకోవే. ఎడమకాలు ముందుకెళ్తే ఏ చెయ్యి తోడెళ్తుంది?"

ఆ పిల్ల నాలుగడుగులు వేసి చూసుకుంది. కుడిచెయ్యి.

"అదీ. వీడికి ఇప్పుడే చెప్పి పెడుతున్నాను. ఏడాదికి గుర్తొస్తుంది."

అరవై ఏళ్ళు అదే పని. ఊళ్ళో ప్రతివాడూ ఆ కాళ్ళమీద పడుకున్నవాడే. ఎంత పెద్దమనిషి పేరు చెప్పినా "వాడా, నా కాళ్ళమీద ఉచ్చపోసినవాడేగా" అనేది. పసిపిల్లల్ని చూసి చూసి ఆవిడకి ఒక సంగతి తెలిసిపోయింది. మనిషి కదలడానికి ఒక వరస ఉంది. కన్ను ముందు, మెడ తర్వాత, మొండెం ఆ తర్వాత. కాళ్ళు అన్నిటికంటే ఆఖర్న. ఈ వరస ఎవరూ తప్పరు. రాజుగారి బిడ్డైనా అంతే, పాలేరు బిడ్డైనా అంతే.

తల్లులకి ఆత్రం ఎక్కువ కదా. "మావాడికి పదో నెల వచ్చింది, ఇంకా నిలబడట్లేదు మామ్మా" అని ఏడుస్తూ వచ్చేవాళ్ళు. దాలమ్మ ఒకటే మాట అనేది.

"తొందరేముందే? నేల ఎక్కడికీ పోదు."

ఊ కొట్టండి మరి. ఆఁ.

మన ఇళ్ళలో ఉన్న ఆచారమే అక్కడా ఉండేది. బిడ్డ బోర్లా పడితే బొబ్బట్లు చేసేవాళ్ళు. పాకితే పాయసం వండేవాళ్ళు. అడుగు వేస్తే అరిసెలు వండి, నేలమీద పరిచి, వాటిమీద నడిపించి, ఊరంతా పంచేవాళ్ళు. మూడు సంబరాలు, మూడు వంటలు. మూడింటికీ దాలమ్మ ఉండాల్సిందే. మొదటి ముక్క ఆవిడ చేతిలో పెట్టేవాళ్ళు. అరవై ఏళ్ళుగా ఆవిడ తిన్న మంచి తిండి అదే.

ఇక గవరయ్య సంగతి.

గవరయ్య ఆ ఊళ్ళో అందరికంటే చురుకైన గీతగాడు. అందరూ ఒక చెట్టు దిగేలోపు అతను మూడు చెట్లు దిగేవాడు. పెళ్ళాం పేరు నూకరత్నం. పెళ్ళైన ఆరేళ్ళకి ఆవిడ నీళ్ళోసుకుంది. ఐదో నెల. గాలివాన వెళ్ళిన మర్నాడు, చెట్లింకా తడి ఆరలేదు, ఇతనికి ఆత్రం. ఎక్కాడు. మోకు తెగలేదు, మోకు మంచిదే. తడిసిన తాటిమట్టమీద కాలు జారింది. చెట్టుపై నుంచి వెల్లకిలా వచ్చి పడ్డాడు.

ప్రాణం పోలేదు. కానీ నడుం కిందనుంచి ఏమీ తెలియలేదు. గిచ్చినా తెలియలేదు, కాల్చినా తెలియలేదు.

ముందు కట్లు కట్టే ఆయన వచ్చాడు. ఆకులు నూరి, వెదురు బద్దలు పెట్టి కట్టాడు. నెల తిరిగింది. కాళ్ళు కదల్లేదు. తర్వాత నూకరత్నం అమ్మవారికి మొక్కుకుంది. కడుపుతో ఉన్న మనిషి, నలభై రోజులు తడిబట్టలతో ప్రదక్షిణలు చేసింది. కాళ్ళు కదల్లేదు. మూడోసారి కులపెద్ద సత్తెయ్య వచ్చాడు. ఆయనకి గవరయ్య అంటే కొడుకుతో సమానం. చెట్టెక్కడం నేర్పింది ఆయనే.

"తాడి గీసేవాడి కాళ్ళు నేలని మర్చిపోయినా చెట్టుని మర్చిపోవు" అన్నాడు సత్తెయ్య. "మోకు కట్టి వాడి చెట్టు దగ్గరే నిలబెడదాం. మాను తగిలితే కాళ్ళకి గుర్తొస్తుంది."

అందరికీ సబబుగానే తోచింది. చూశారా, ఆ ఊరివాళ్ళు మాత్రమే చెయ్యగల తప్పు అది. నలుగురు పట్టుకుని తీసుకెళ్ళి, గవరయ్యని చెట్టుకి ఆనించి, మోకు చుట్టి, చేతులు వదిలేశారు. మోకాళ్ళు మడతపడిపోయాయి. గడ్డం మానుకి కొట్టుకుని నెత్తురొచ్చింది. బస్తాలాగ వేలాడాడు. కాళ్ళవెంట తడి కారింది, అది కూడా అతనికి తెలియలేదు. ఎదురుగా ఉన్నవాళ్ళ మొహాలు చూసి తెలుసుకున్నాడు.

ఊరంతా చూసింది. పెళ్ళాం చూసింది. ఎవరూ వెక్కిరించలేదు, అందరూ ఏడ్చారు. దానికే అతను సిగ్గుతో చచ్చిపోయాడు.

ఆ సాయంత్రం పంచలో చాపమీద మొహం గోడకి తిప్పుకుని పెళ్ళాంతో అన్నాడు. "నూకరత్నం, బిడ్డ పుట్టేదాకా ఉంటాను. పుట్టాక నన్ను తినమని అడక్కు."

ఆవిడ అప్పుడు తొమ్మిదో నెల్లో ఉంది.

ఆడపిల్ల పుట్టింది. ఆ రోజు నుంచి గవరయ్య తినడం మానేశాడు. గంజి పెడితే పళ్ళు బిగించేవాడు. మూడో రోజు పొద్దున్నే దాలమ్మ నీళ్ళు పొయ్యడానికి వచ్చింది. నూకరత్నం ఆవిడ కాళ్ళు పట్టుకుని జరిగింది చెప్పింది. దాలమ్మ విని పీట వేసుకుంది. బిడ్డకి నూనె రాసింది, నీళ్ళు పోసింది, సాంబ్రాణి పొగ వేసింది. తర్వాత ఆ నూనె చేతుల్తోనే పంచలోకి వచ్చి గవరయ్య కాళ్ళ దగ్గర కూర్చుంది.

"ఏరా, గోడతో ఏం చెబుతున్నావు?"

గవరయ్య మొహం ఇంకాస్త గోడలోకి తిప్పుకున్నాడు.

కుడిపాదం ఒళ్ళోకి తీసుకుంది. బొటనవేలి గోరుతో అరికాలి మీద మడమ నుంచి వేళ్ళదాకా ఒక గీత గీసింది.

"వదిలెయ్ మామ్మా. అవి చచ్చిపోయాయి."

"చచ్చిన కాళ్ళు నాకు తెలుసురా. ఇవి పడుకున్నాయి." మళ్ళీ గీసింది. మూడోసారి గీసింది. మూడోసారి బొటనవేలు చీమ కుట్టినంత కదిలింది. "ఇదిగో, వేలు పలికింది. వేలు పలికితే కాలున్నట్టే. లెమ్మంటే ఇప్పుడే లేవవు. దానికో వరస ఉంది."

బిడ్డని తెచ్చి అతని పక్కన చాపమీద పడుకోబెట్టింది.

"దీనికింకా మెడ నిలబడలేదు. నీకు మెడైనా ఉంది, దీనికంటే నువ్వే నయం. రేపటి నుంచి ఇద్దరికీ నేనే నూనె రాస్తాను. ముందు ఎవరు బోర్లా పడతారో చూద్దాం."

గవరయ్యకి కోపం వచ్చింది. "నన్ను పసిబిడ్డని చేస్తావా?"

"నేను చెయ్యలేదురా. చెట్టు చేసింది. నేను పెంచుతాను, అంతే."

ఆ మధ్యాహ్నం గవరయ్య గంజి తాగాడు. ఎందుకు తాగాడో ఎవరికీ తెలియదు. పక్కన పిల్ల పాలు తాగుతున్న చప్పుడు విన్నాడు కాబోలు.

పిల్లకి బుల్లెమ్మ అని పేరు పెట్టారు. రోజూ పొద్దున్న దాలమ్మ వచ్చేది. ముందు బుల్లెమ్మకి, తర్వాత బుల్లెమ్మ నాన్నకి. కుడిచెయ్యి ఎడమకాలికి, ఎడమచెయ్యి కుడికాలికి. అతని కాళ్ళు బరువు, దాలమ్మ చేతులు పుల్లలు. నూకరత్నం కాళ్ళెత్తి పట్టుకునేది. సత్తెయ్య ఒకసారి వచ్చి చూసి, తలకాయ ఊపి వెళ్ళిపోయాడు.

నాలుగో నెల్లో బుల్లెమ్మ బోర్లా పడింది. ఎలా పడిందో గవరయ్య కళ్ళారా చూశాడు. పంచలో ఒక కాకి వాలింది. పిల్ల కన్ను కాకి మీదికెళ్ళింది. కన్ను వెనక మెడ తిరిగింది. మెడ వెనక భుజం లేచింది. భుజం వెనక నడుం, నడుం వెనక కాలు వచ్చి, ధబీమని బోర్లా పడి, కాకి ఎగిరిపోయిందని ఏడ్చింది.

నూకరత్నం బొబ్బట్లు చేసింది. మొదటి ముక్క దాలమ్మకి పెట్టింది. ఆవిడ నోట్లో పెట్టుకోకుండా గవరయ్య కేసి చూసింది.

"నువ్వు ఎలా తిరగాలని చూస్తున్నావురా ఇన్నాళ్ళూ?"

"నడుం ఎత్తి తిప్పాలని చూస్తున్నాను. రావట్లేదు."

"నడుముకేం తెలుసు, ఎటు వెళ్ళాలో? కన్ను తిప్పు. నడుం సంగతి మర్చిపో. అదిగో, నీ పెళ్ళాం మొహం చూడు. ఇంకా చూడు. మెడ రానీ. చెయ్యి చాపు, ఆవిణ్ణి అందుకో."

నూకరత్నం చాపకి అటుపక్కకి వెళ్ళి కూర్చుంది. గవరయ్య చూశాడు. మెడ వచ్చింది. భుజం వచ్చింది. చెయ్యి చాపితే ఇంకా జానెడు దూరం. నడుం తటపటాయించి తటపటాయించి వచ్చింది. బోర్లా పడ్డాడు. మొహం చాపకి కొట్టుకుంది. చాపలో మొహం పెట్టుకుని, ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో, భుజాలు కదులుతున్నాయి.

"ఇంకో వాయి బొబ్బట్లు వెయ్యవే" అంది దాలమ్మ. "ఇవాళ ఇద్దరు పడ్డారు."

ఊళ్ళో కొందరు నవ్వారు. మీసాలున్నవాడికి బొబ్బట్లేమిటి అన్నారు. అన్నవాళ్ళే వచ్చి తిని పోయారు, అది వేరే సంగతి.

తర్వాత అసలు గొడవ వచ్చింది. పాకాలి.

గవరయ్య మొండికేశాడు. "పాకను" అన్నాడు. "తాడి గీసేవాణ్ణి. ఆకాశం మొహం చూసి బతికినవాణ్ణి. నేలమీద కుక్కలాగ నాలుగు కాళ్ళమీద పోను. నిలబెడితే నిలబెట్టండి, లేకపోతే ఇలాగే ఉంటాను."

"నిన్ను ఒకసారి నిలబెట్టారుగా" అంది దాలమ్మ.

అంత మాట అనకుండా ఉండాల్సిందని తర్వాత ఆవిడే అనుకుందట. అతను నెలా పదిహేను రోజులు ఆవిడతో మాటాడలేదు. ఆవిడ మాత్రం రోజూ వచ్చింది, నూనె రాసింది, వెళ్ళింది. నూకరత్నం గోల పెడితే "తొందరేముందే? నేల ఎక్కడికీ పోదు" అనేది.

ఒక మధ్యాహ్నం. నూకరత్నం పెరట్లో తాటిబెల్లం కాస్తోంది. నేలలో తవ్విన పొయ్యి, పొయ్యిమీద వెడల్పాటి మూకుడు, కుతకుతా ఉడుకుతున్న పాకం. బుల్లెమ్మ పంచలో నిద్రపోతోంది. కంప తెచ్చుకుందామని నూకరత్నం దడి వెనక్కి వెళ్ళింది. పిల్ల లేచింది. లేచి, ఆ ముందు వారమే పాకడం వచ్చింది కదా, తియ్యటి వాసన ఎటొస్తే అటు బయల్దేరింది.

గవరయ్య చూశాడు. "బుల్లీ" అన్నాడు. పిల్ల వెనక్కి చూసి నవ్వి మళ్ళీ పాకింది. "నూకరత్నం" అని అరిచాడు. గాలి ఎదురుగా ఉంది, ఆవిడకి వినపడలేదు. పిల్లకీ పొయ్యికీ మధ్య పది మూరలు. ఆ తర్వాత ఎనిమిది.

గవరయ్య కన్ను పిల్లమీద ఉంది. మెడ వెళ్ళింది. భుజం వెళ్ళింది. బోర్లా పడ్డాడు. పంచ అంచు నుంచి దొర్లి పెరట్లో పడ్డాడు. కుడిచెయ్యి ముందుకి వేశాడు. ఎడమమోకాలు వచ్చింది. ఎడమచెయ్యి వేశాడు. కుడిమోకాలు ఈడ్చుకుంటూ వచ్చింది. మళ్ళీ కుడిచెయ్యి. మోకాళ్ళు దోక్కుపోయాయి, అవి ఇంకా సగమే తెలిసే కాళ్ళు కాబట్టి నొప్పి కూడా సగమే తెలిసింది. పిల్ల చెయ్యి మూకుడు అంచుకి లేచింది. అతను పిల్ల కాలు పట్టుకుని వెనక్కి లాగాడు.

కంపతో తిరిగొచ్చిన నూకరత్నం దడి దగ్గరే కూలబడిపోయింది. దాలమ్మ సాయంత్రం వచ్చింది. జరిగింది విని, గవరయ్య మోకాళ్ళు కడిగింది. ఆఖరికి అడిగింది.

"ఏ చెయ్యి ముందు వేశావురా?"

"కుడిచెయ్యి."

"ఏ మోకాలు వచ్చింది?"

"ఎడమది."

"ఎవరు నేర్పారు?"

గవరయ్య ఒళ్ళో పడుకున్న పిల్లని చూపించాడు. ఆ సాయంత్రం ఆ మూకుడులో బెల్లంతోనే పాయసం వండారు. గవరయ్య దాలమ్మ చేతికి తనే గిన్నె అందించాడు. "మామ్మా, కుక్కలాగ అన్నాను. తప్పు" అన్నాడు.

ఊ ఏది? నిద్రపోతున్నారా? ఇంకెంతో లేదు.

నిలబడ్డం వచ్చేసరికి మళ్ళీ తంటా. గవరయ్య వీపు నిటారుగా పెట్టి, ఊతకర్ర పట్టుకుని, మీదికి లేవబోయేవాడు. ప్రతిసారీ వెనక్కి కూలబడేవాడు. దాలమ్మ నవ్వింది.

"మీదికి లేవకురా. ముందుకి వంగు. ముక్కు కాలివేళ్ళు దాటాలి. ముక్కు దాటితే పిర్ర అదే లేస్తుంది. పిల్లని చూడు."

బుల్లెమ్మ రాట పట్టుకుని, ముక్కు ముందుకి పెట్టి, పిర్ర పైకెత్తి లేస్తోంది. గవరయ్య అలాగే చేశాడు. ముక్కు ముందు, పిర్ర తర్వాత. లేచాడు. కాళ్ళు వణికాయి గాని నిలబడ్డాయి.

అడుగు మాత్రం పిల్లే ముందు వేసింది. అరిసెలు వండారు, పరిచారు, నడిపించారు, పంచారు. దాలమ్మ మూడు అరిసెలు తీసి కుండలో పెట్టి మూత పెట్టింది. "ఇవి దాని నాన్నవి" అంది.

"పాడైపోవూ?" అంది నూకరత్నం.

"అరిసె నిలవుంటుంది. నేల ఎక్కడికీ పోదు."

గవరయ్యకి అడుగు పడలేదు. రెండు కాళ్ళమీదా బరువేసి, ఒక కాలు ఎత్తబోయేవాడు. ఎలా లేస్తుంది? దాలమ్మ చెప్పింది. "ఒక కాలు వెళ్ళాలంటే రెండోది మొత్తం మొయ్యాలిరా. ఎడమకాలి మీదికి పూర్తిగా వెళ్ళిపో. కుడిది దానంతటదే తేలికవుతుంది."

"పడిపోతాను మామ్మా."

"పడాలి. నడవడమంటే ఇంకేమిటనుకున్నావు? పడబోవడం, ఆపుకోవడం. పడబోవడం, ఆపుకోవడం. నువ్వు చెట్టుమీద నుంచి పడ్డావు, నీకు పడటమంటే భయం. దీనికింకా ఆ భయం తెలియదు. అంతే తేడా."

నలభై రోజులు పట్టింది. ఆ రోజు సత్తెయ్య కూడా వచ్చి దడి దగ్గర నిలబడ్డాడు. దాలమ్మ కుండ తెరిచి మూడు అరిసెలు నేలమీద పరిచింది. గవరయ్య ఎడమకాలి మీదికి పూర్తిగా వెళ్ళాడు. కుడికాలు ఎత్తాడు. పడబోయాడు. ఆపుకున్నాడు. మొదటి అరిసె ఫటుక్కున విరిగింది, అప్పటికది చెక్కలాగ అయిపోయింది. రెండోది విరిగింది. మూడోది విరిగింది. సత్తెయ్య వచ్చి ఆ ముక్కలేరుకుని, మట్టి కూడా దులపకుండా నోట్లో వేసుకున్నాడు. "నన్ను క్షమించరా" అన్నాడు. నోటినిండా అరిసె, ఆయనేమన్నాడో గవరయ్యకొక్కడికే అర్థమయ్యింది.

గవరయ్య మళ్ళీ చెట్టెక్కలేదు. అబద్ధం చెప్పను. కాస్త కుంటు ఉండిపోయింది. కూర్చుని ఊరందరికీ మోకులు పేనేవాడు. అతను పేనిన మోకు ఒక్కటీ తెగలేదు.

కథ ఇక్కడితో ఆపితే మీకు బావుంటుంది. కానీ బియ్యం నానబోసిన సంగతి చెప్పాలిగా.

పదిహేనేళ్ళు గడిచాయి. దాలమ్మ బాగా ముసలిదయ్యింది. ఇళ్ళకి రావడం మానేసింది. ఎవరైనా పాక గుమ్మంలోకి వెళ్ళి పలకరిస్తే లోపలి నుంచే "బాగానే ఉన్నానర్రా, వెళ్ళండి" అనేది. ఒకరోజు గవరయ్య కుంటుకుంటూ వెళ్ళి, పిలవకుండా తలుపు తోశాడు.

దాలమ్మ నేలమీద పాకుతోంది. నీళ్ళకుండ దగ్గరికి.

అతన్ని చూసి కొంగు మొహంమీదికి లాక్కుంది. "చూడకురా" అంది. "ఊరందరినీ నడిపించిన దాన్ని. నన్నిలా చూడకు."

గవరయ్య చేతికర్ర పక్కన పడేశాడు. మోకాళ్ళమీదికి దిగాడు. ఆవిడ పక్కనే తనూ పాకాడు. కుడిచెయ్యి, ఎడమమోకాలు. ఎడమచెయ్యి, కుడిమోకాలు. ఇద్దరూ కలిసి కుండ దాకా వెళ్ళారు. అతను నీళ్ళు ముంచి ఇచ్చాడు. ఆవిడ తాగింది.

"ఎన్నాళ్ళయ్యింది మామ్మా, నడక పోయి?"

"మొన్న అమావాస్యకి."

"చెప్పలేదేం?"

"ఏం చెప్పనురా? వరస వెనక్కి తిరిగింది."

గవరయ్య ఇంటికెళ్ళి నూకరత్నంతో అరిసెలకి బియ్యం నానబొయ్యమన్నాడు. ఊళ్ళో తెలిసింది. సత్తెయ్య వయసు ముసలాళ్ళంతా కోప్పడ్డారు. నడక పోయిన మనిషి ఇంట్లో తీపి వండటమేమిటి, అపచారం కదూ అన్నారు. గవరయ్య గుమ్మంలో నిలబడి చెప్పాడు.

"మొదటి అడుగు వేసినప్పుడు ఆవిడ ఇంకా ఏమీ నడవలేదు. అయినా అరిసెలు వండారు. ఇప్పుడు తొంభై ఏళ్ళు నడిచింది. మనందరి గుమ్మాలకీ నడిచింది. ఇప్పుడు వండరా? ఏడుపు పిల్లకి చేసిన సంబరం, ఇంత నడిచిన మనిషికి చెయ్యరా?"

గవరయ్య వెళ్ళి దాలమ్మని ఎత్తుకొచ్చి తన పంచలో, తను పడుకున్న చోటే పడుకోబెట్టాడు. మొదటి అరిసె తీసి ఆవిడ రెండు అరికాళ్ళకీ తాకించి, తను తిన్నాడు. బుల్లెమ్మ తింది. తర్వాత ఊరంతా తింది. దాలమ్మ ఆ రోజు సిగ్గుపడటం మానేసింది.

పాకడం పోయిన రోజు పాయసం వండారు. ఒత్తిగిల్లడం పోయిన రోజు బొబ్బట్లు చేశారు. ఆ తర్వాత మెడ ఒక్కటే మిగిలింది. ఆ తర్వాత కన్ను.

రోజూ పొద్దున్న బుల్లెమ్మ పీట వేసుకుని కాళ్ళు చాపేది. పదహారేళ్ళ పిల్ల. దాలమ్మ పుల్లలాగ అయిపోయింది కదా, గవరయ్య ఎత్తి తెచ్చి కూతురి కాళ్ళమీద పడుకోబెట్టి, వేణ్ణీళ్ళు అందించి పక్కకి వెళ్ళేవాడు. బుల్లెమ్మ నూనె రాసేది. కుడిచెయ్యి ఎడమకాలికి, ఎడమచెయ్యి కుడికాలికి. చివరి రోజు పొద్దున్న దాలమ్మ కన్ను తిప్పింది. గవరయ్య కోసం వెతికింది. మెడ వెంట రాలేదు. కన్నే వచ్చింది. కళ్ళలో కంగారు కనపడింది, ఎక్కడికో ఆలస్యమైపోతున్నట్టు.

గవరయ్య వచ్చి నేలమీద కూర్చుని ఆవిడ పాదాలు ఒళ్ళోకి తీసుకున్నాడు.

"తొందరేముంది మామ్మా?" అన్నాడు. "నేల ఎక్కడికీ పోదు."

ఆవిడ కళ్ళు నెమ్మదించాయి. అంతే.

అప్పటి నుంచి తాళ్ళదిబ్బలో, ఆ చుట్టుపట్ల మన ఊళ్ళన్నిట్లో, మనిషికి అరిసెలు రెండుసార్లు వండుతారు. అడుగు మొదలైనప్పుడు ఒకసారి, అడుగు ఆగినప్పుడు ఒకసారి. జ్వరం పడి లేచినవాళ్ళని లేపుతూ "ముక్కు ముందు, పిర్ర తర్వాత" అంటారు. నవ్వొస్తుంది గాని, అనేది ఆవిడ పేరుమీదే.

ఏమిటా చూపులు? అర్థమయ్యిందిగా. మొన్న మంగళవారం నుంచి నా కాళ్ళు నన్ను మొయ్యట్లేదు. మీ నాన్న మంచం మీదనుంచి ఎత్తి ఈ కుర్చీలో కూర్చోబెడుతున్నాడు. మీకు చెప్పొద్దన్నారు. ఎందుకు చెప్పకూడదు? నేను సిగ్గుపడాలా ఏమిటి? పన్నెండు మందిని కని, ఈ ఊరి మట్టంతా తొక్కాను.

ఊ కొట్టడం మానేశారేం? ఏడుస్తూ అయినా కొట్టొచ్చు. రోకలి చప్పుడు ఆగింది, పాకం వాసన వస్తోంది. వెళ్ళండి, మొదటి అరిసె తీసుకురండి. ఇద్దరూ కలిసి నా అరికాళ్ళకి తాకించి, మీరే తినండి. తాకించే ముందు కాస్త ఊదండి. ఈ కాళ్ళకింకా వేడి తెలుస్తుంది.